పొలం కదల్లేదు, రోడ్డు నెంబరు మారింది: పాత ఎన్‌హెచ్ 214 రెండు కొసలు వెతికిన ఒక హద్దు కేసు

"ఉత్తరం: 214 నెంబరు జాతీయ రహదారి."

2006 నాటి క్రయ దస్తావేజులో ఉన్న ఈ ఒక్క లైను మీద ఒక కుటుంబం బ్యాంకు లోను ఆగిపోయింది. నేను ప్రైవేటు సర్వేయర్‌ని. పొలాల కొలతలు, హద్దుల తగాదాలు, బ్యాంకులకు కావలసిన స్కెచ్‌లు నా రోజువారీ పని. ఇలాంటి కాగితాలు కోస్తా జిల్లాల్లో ఇంకా ఎన్నో బీరువాల్లో ఉన్నాయి కాబట్టి ఈ కేసును వివరంగా రాస్తున్నాను. ఊరి పేరు, సర్వే నెంబరు, అసలు కిలోమీటరు అంకె, బ్యాంకు పేరు ఇవ్వను. రోడ్ల పేర్లు, వాటి నెంబర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను. కేసంతా వాటి చుట్టూనే తిరిగింది మరి.

నేపథ్యం

నా దగ్గరికి వచ్చినాయన రిటైర్డ్ టీచరు. ఊళ్లో అందరూ మాస్టారూ అనే పిలుస్తారు, నేనూ అంతే. గుడివాడకీ ఆకివీడుకీ మధ్య, రోడ్డుకి దక్షిణాన ఆయనకి కొంత పొలం ఉంది. అందులో ఒక చెక్క చేపల చెరువు. కొడుకు వ్యాపారానికి ఆ భూమిని తనఖా పెట్టి లోను తీసుకుందామనుకున్నారు. ఈసీ (భూమి మీద ఉన్న తనఖాలు, లావాదేవీలు చూపే పత్రం) సరిగ్గా ఉంది, అడంగల్‌లో పేరుంది, పాస్‌బుక్ ఉంది. దస్తావేజులో సర్వే నెంబరుతోపాటు నాలుగు హద్దులు, ఉత్తర హద్దు పక్కన కిలోమీటరు అంకె కూడా రాసుంది. ఆ రోజుల్లో దస్తావేజు రాసిన లేఖరి చాలా జాగ్రత్త మనిషి. కొలత ఎంత ఎక్కువ రాస్తే అంత మంచిదని నమ్మి రాశాడు.

ఆ రోడ్డు గురించి కొంచెం చెప్పాలి. 2010కి ముందున్న జాతీయ రహదారుల జాబితాలో ఎన్‌హెచ్ 214 అంటే కత్తిపూడి - కాకినాడ - పామర్రు. పొడవు 270 కిలోమీటర్లు. కత్తిపూడి దగ్గర అప్పటి ఎన్‌హెచ్ 5 నుంచి విడిపోయి కాకినాడ, అమలాపురం, రాజోలు మీదుగా గోదావరి పాయలు దాటేది. తర్వాత పాలకొల్లు, భీమవరం, ఆకివీడు, కైకలూరు, గుడివాడ మీదుగా వెళ్లి పామర్రు దగ్గర అప్పటి ఎన్‌హెచ్ 9లో కలిసేది. దానికి తోడు 214ఏ అని ఇంకో రోడ్డు ఉండేది. పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య ఉన్న దిగమర్రు దగ్గర అది 214 నుంచి చీలి నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరేది. దాని పొడవు 255 కిలోమీటర్లు.

2010లో కేంద్రం దేశమంతా రహదారుల నెంబర్లు మార్చింది. ఉత్తర దక్షిణాలుగా వెళ్లే ప్రధాన రోడ్లకు సరి సంఖ్యలు, తూర్పు పడమరలుగా వెళ్లేవాటికి బేసి సంఖ్యలు పెట్టారు. ప్రధాన రోడ్డు నుంచి చీలే శాఖలకు మూడంకెల నెంబర్లు ఇచ్చి, చివరి రెండంకెలు తల్లి రోడ్డువి ఉండేలా చూశారు. మన చెన్నై - కోల్‌కతా రోడ్డు 5 నుంచి 16 అయింది. పుణె - హైదరాబాద్ - విజయవాడ - మచిలీపట్నం రోడ్డు 9 నుంచి 65 అయింది. 214, 214ఏ అనే పేర్లు ఆ జాబితాలోంచి పోయాయి.

సమస్య ఎలా వచ్చింది

భూమి విలువ కట్టడానికి బ్యాంకు పంపిన వాల్యుయర్ కంప్యూటర్ ముందు కూర్చుని 214 ఇప్పుడు ఏమైందని వెతికాడు. దొరికిన పట్టికల్లో "పాత 214, 214ఏ కలిపి ఇప్పటి 216" అని ఉంది. అందులో సగం నిజం ఉంది. దస్తావేజులో కిలోమీటరు అంకె 220కీ 240కీ మధ్య ఉంది. కత్తిపూడి నుంచి 216 మీద అంత దూరం కొలిస్తే దిగమర్రు దాటి, నరసాపురం దాటి, పెడన వైపు ఎక్కడో తేలుతుంది. ఆయన అక్కడ గుర్తు పెట్టి, "హద్దుగా చూపిన రోడ్డు ఈ గ్రామం గుండా పోవడం లేదు. గ్రామం ఎన్‌హెచ్ 165 మీద ఉంది" అని రిపోర్టు రాశాడు.

ఆ తప్పు బలపడటానికి ఇంకో కారణం తోడైంది. దస్తావేజులో జిల్లా పేరు కృష్ణా. కైకలూరు వైపు మండలాలు 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. పెడన మాత్రం ఇప్పటికీ కృష్ణా జిల్లాలోనే ఉంది. పొలం నిజంగా ఉన్న చోట జిల్లా పేరు సరిపోలేదు, తప్పుగా గుర్తు పెట్టిన చోట సరిపోయింది. బ్యాంకు తరఫున కాగితాలు చూసే ప్యానెల్ లాయరుకి అనుమానం రావడంలో ఆశ్చర్యం లేదు.

ఊరి పేరు, సర్వే నెంబరు ఉండగా ఇదంతా ఎందుకని అనిపించవచ్చు. హద్దులకీ విస్తీర్ణానికీ తేడా వస్తే సాధారణంగా హద్దులకే ఎక్కువ విలువ ఇస్తారు. హద్దే వేరే ఊళ్లో ఉన్నట్టు రిపోర్టులో ఉంటే ఏ లాయరూ సంతకం పెట్టడు. మాస్టారు నా ఎదురుగా కూర్చుని ఒకటే మాట అన్నారు: "బాబూ, పొలం కదల్లేదు, రోడ్డు కదల్లేదు. నలభై ఏళ్లుగా ఆ రోడ్డు మీదే బడికి సైకిలు తొక్కాను. ఇప్పుడు అది ఆ రోడ్డు కాదంటే నేనెవరికి చెప్పుకోను?"

ముందు చేసినవి, ఎందుకు కుదరలేదు

మాస్టారి కొడుకు సవరణ దస్తావేజు రాయించేద్దామన్నాడు. నేను వద్దన్నాను. సవరణకి అమ్మినవాళ్ల వైపు సంతకాలు కావాలి. అమ్మినాయన పోయి చాలా ఏళ్లయింది. వారసులు నాలుగు ఊళ్లలో ఉన్నారు, ఒకరు దేశంలోనే లేరు. అంతకంటే ముఖ్యం, దస్తావేజులో తప్పే లేదు. రాసిన రోజున ఆ రోడ్డు 214నే. తప్పు లేనిదాన్ని సవరిస్తే, రేపు ఎవరైనా "అప్పట్లో తప్పు రాశారని మీరే ఒప్పుకున్నారు కదా" అనే వీలుంటుంది.

రెండోది రోడ్డు కాగితాలున్న ఒక ఆఫీసుకి అర్జీ పెట్టడం. 214 పేరుతో ఆ సెక్షన్‌లో రికార్డు లేదని జవాబు వచ్చింది. ఆ జవాబు రావడానికి మా అర్జీయే కారణమని తర్వాత అర్థమైంది. "214 రికార్డులు ఇవ్వండి" అని అడిగాం. "ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరి వరకు ఇప్పుడు 165గా ఉన్న రోడ్డు పాత రికార్డులు" అని అడిగి ఉండాల్సింది. పేరు మారిన రోడ్డును పాత పేరుతో అడిగితే గుమాస్తా కొత్త ఫైళ్లలో వెతుకుతాడు, దొరకదు.

మూడో పొరపాటు నాది. పాత పొడవు 270 కదా, అందులోంచి దస్తావేజు అంకె తీసేస్తే పామర్రు నుంచి దూరం వస్తుందని లెక్క కట్టాను. బండి మీటరు చూసుకుంటూ పామర్రు కూడలి నుంచి బయలుదేరాను. మాస్టారి పొలానికీ నా లెక్కకీ కిలోమీటరుకి పైగా తేడా వచ్చింది. 270 అనేది మొత్తం రోడ్డుకి సుమారుగా రాసిన అంకె. పైగా ఈ ఇరవై ఏళ్లలో వంపులు సరిచేశారు, కొన్ని చోట్ల బైపాస్‌లు వేశారు. పాత పొడవునీ కొత్త రోడ్డు మీద తిరిగే చక్రాన్నీ కలిపి లెక్క వేయకూడదు. అది తెలిసి కూడా తొందరపడ్డాను. ఆ కాగితం బ్యాంకుకి వెళ్లి ఉంటే వాల్యుయర్ తప్పు పక్కన నా తప్పు చేరేది.

కొస అంటే ఏమిటి

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే అసలు ప్రశ్నే సరిగ్గా వేసుకోలేదని అనిపించింది. రోడ్డు కొస అనే మాటకి మా పనిలో మూడు అర్థాలున్నాయి. ఒకటి, గెజిట్‌లో రాసిన ఊరి పేరు. రెండు, నేల మీద ఆ రోడ్డు ఇంకో రోడ్డులో కలిసే అసలు చోటు. మూడు, కిలోమీటర్లు లెక్కపెట్టడం మొదలయ్యే సున్నా. ఈ మూడూ ఒకే చోట ఉండాలని నియమం లేదు.

దీనికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ పాత ఎన్‌హెచ్ 9. అది పుణెలో మొదలవుతుంది. కానీ హైదరాబాద్ - విజయవాడ నాలుగు లేన్ల పనిని కిలోమీటరు 40 నుంచి 221.5 వరకు అని చూపించారు. సున్నా పుణెలో ఉంటే ఆ అంకెలు ఎప్పుడో ఐదు వందలు దాటాలి. అంటే ఆ ముక్కకి సున్నా హైదరాబాద్. 214కి కూడా ఇలా మధ్యలో సున్నా మారిందా? అది తేలకుండా దస్తావేజులో అంకెకు విలువ లేదు.

తర్వాత గెజిట్ వాక్యాలు పక్కపక్కన పెట్టి చదివాను. పట్టికలు చదవడం వేరు, వాక్యం చదవడం వేరు. కొత్త 216 కత్తిపూడిలో మొదలై ఒంగోలులో ఆగుతుంది. కొత్త 165 పామర్రులో మొదలై గుడివాడ, కైకలూరు, భీమవరం, పాలకొల్లు మీదుగా దిగమర్రులో ఆగుతుంది. పాత 214ఏ దిగమర్రులో మొదలయ్యేది. ఒకే చిన్న ఊరి పేరు రెండు చోట్ల కనిపించింది.

అక్కడే ముడి విడింది. 214 మొత్తంగా 216 కాలేదు. దిగమర్రు దగ్గర రెండు ముక్కలైంది. కత్తిపూడి నుంచి దిగమర్రు దాకా ఉన్న ముక్క, పాత 214ఏ కలిసి 216 అయ్యాయి. దిగమర్రు నుంచి పామర్రు దాకా ఉన్న ముక్క 165 అయింది. 216 అంటే 16కి శాఖ, 165 అంటే 65కి శాఖ. ఒకే రోడ్డు రెండు ముక్కలకు ఇద్దరు తల్లులు వచ్చారు. పైగా 165 పామర్రులో మొదలవుతుంది కాబట్టి ఈ ముక్క మీద లెక్క దిశే తిరగబడింది. ఇంతకు ముందు తూర్పు నుంచి పడమరకి పెరిగిన అంకెలు ఇప్పుడు పడమర నుంచి తూర్పుకి పెరుగుతాయి.

165 పొడవు సుమారు 107 కిలోమీటర్లు. 270లో అది పోతే 163. కాబట్టి పాత దస్తావేజులో 214 పక్కన అంకె 163కి బాగా పైన ఉంటే ఆ భూమి ఇప్పుడు 165 మీద, బాగా కింద ఉంటే 216 మీద ఉంటుంది. ఆ అంకెకు దగ్గర దగ్గరగా వస్తే నేల మీదకి వెళ్లి చూడాల్సిందే. మాస్టారి అంకె 220 పైన. ఇది మొదటి గట్టి ఆధారం. అయితే ఇది సున్నా కత్తిపూడిలో ఉంటేనే నిలబడుతుంది.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. 214ఏ చూసి, ఇప్పుడు 216ఏ అని ఒక రోడ్డు ఉంది కాబట్టి అదే దాని వారసుడు అనుకునేవాళ్లను చూశాను. 216ఏ వేరే రోడ్డు. రాజమండ్రి నుంచి రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం మీదుగా గుండుగొలను వైపు వెళ్లే పాత ఎన్‌హెచ్ 5 దారి అది. పేరులో అక్షరం కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు.

పని చేసింది ఏమిటి

సున్నా ఎక్కడో తేల్చాలంటే పాత అంకెలు నేల మీద కావాలి. మొదట కిలోమీటరు రాళ్లు వెతికాను. ఒకటి దొరికింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పక్కకి నెట్టేసిన రాయి, కాలవ గట్టు మీద, ఒక టీ బడ్డీ ఎదురుగా. ఎవరో దానికి గేదెని కట్టేస్తున్నారు. జాతీయ రహదారి రాయికి తల పసుపు, కింద తెలుపు. ఆ పసుపు మీద బురద, పేడ ఎండి ఉన్నాయి. బడ్డీ కుర్రాడు కొడవలి తెచ్చి గీకబోతే ఆపాను. గీకితే పై పొరతోపాటు కింది అక్షరమూ పోతుంది. బకెట్ నీళ్లు పోసి, కొబ్బరి పీచుతో మెల్లగా రుద్ది, పొద్దు వాలేదాకా ఆగాం. తర్వాత టార్చిని రాయికి పక్కగా ఆనించి వెలుగు అడ్డంగా పడేట్టు పట్టుకుంటే, రంగు మీద రంగు వేసిన చోట అంచులు నీడగా లేచాయి. రెండు, దాని పక్కన సగం ఒకటి, తర్వాత పూర్తిగా నాలుగు. ఆ రాత్రి మాస్టారికి ఫోన్ చేసి చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

కానీ రాయి కదిలింది. కదిలిన రాయి రోడ్డు పేరు చెబుతుంది, చోటు చెప్పదు. కోర్టులో అయినా బ్యాంకులో అయినా మొదటి ప్రశ్న అదే వస్తుంది. అందుకే కల్వర్టుల మీదకి వెళ్లాను. రోడ్డు కింద కాలవ దాటించే చిన్న కట్టడాలకి కిలోమీటరు అంకె, గీత, ఆ కిలోమీటరులో వరస సంఖ్య వేస్తారు. ఉదాహరణకి 231/2 అంటే 231వ కిలోమీటరులో రెండో కల్వర్టు. కల్వర్టుని ఎవరూ ఎత్తుకెళ్లరు. డెల్టా ప్రాంతం కాబట్టి కాలవలకి లోటు లేదు, కల్వర్టులకీ లోటు లేదు. వెడల్పు చేసిన వైపు పిట్టగోడలు పోయినా, ఊళ్ల దగ్గర కొన్ని పాతవి ఒక పక్క అలాగే మిగిలాయి.

రెండు రోజులు తిరిగాను. మాస్టారి పొలానికి తూర్పున ఒక పిట్టగోడ మీద, పడమరన ఇంకోదాని మీద పాత అంకెలు చదవగలిగాను. తూర్పు దాని కంటే పడమర దాని అంకె ఎక్కువ. గుడివాడ దాటాక అంకెలు 260ల్లోకి వెళ్లాయి. పామర్రు దగ్గర 270కి ముగిసే లెక్కకి ఇది సరిపోతుంది. పడమరకి పెరిగే అంకె కాబట్టి సున్నా తూర్పున ఉంది. మధ్యలో సున్నా మళ్లీ మొదలై ఉంటే గుడివాడ దగ్గర అంత పెద్ద అంకె రాదు. కత్తిపూడే సున్నా అని అప్పుడు నమ్మకంగా రాయగలిగాను. అదే రోడ్డు మీద కొత్త 165 రాళ్లలో అంకెలు గుడివాడ నుంచి కైకలూరు వైపు పెరుగుతున్నాయి. పాత అంకెలు ఒక దిశలో, కొత్తవి ఎదురు దిశలో ఉన్న ఫోటోలు పక్కపక్కన పెట్టాను. రిపోర్టులో అందరికీ వెంటనే అర్థమైన పేజీ అదే.

మూడో ఆధారం కాగితం వైపు నుంచి. పక్క పొలాల పాత దస్తావేజులకి సర్టిఫైడ్ కాపీలు తీయించాను. తూర్పు పక్క పొలం దస్తావేజులోనూ 214 అనే ఉంది, కిలోమీటరు అంకె మాస్టారి దానికంటే కొంచెం తక్కువ. దిశ మళ్లీ సరిపోయింది. రోడ్డు వెడల్పు కోసం భూసేకరణ చేసినప్పుడు జాతీయ రహదారుల చట్టం 3ఏ, 3డీ కింద ఇచ్చే ప్రకటనల్లో గ్రామం, సర్వే నెంబర్లు, రోడ్డు నెంబరు ఉంటాయి. ఆ గ్రామానికి వచ్చిన ప్రకటనలో రోడ్డు నెంబరు 165, సర్వే నెంబర్లలో మాస్టారి పొలానికి ఆనుకుని ఉన్న రోడ్డు పోరంబోకు పక్క నెంబర్లు ఉన్నాయి. ఎఫ్‌ఎంబీలో (సర్వే నెంబర్ల కొలతలు, పటాలు ఉండే సర్కారు పుస్తకంలో) ఆ రోడ్డు ఎక్కడుందో, పాత దస్తావేజులో 214 అన్నది అక్కడే. 165 అని ప్రకటించిందీ అక్కడే. ఒకే నేలకు రెండు పేర్లు అని చెప్పడానికి ఇంతకంటే బలమైన కాగితం నాకు దొరకలేదు.

వెతుకులాటలో ఊరివాళ్ల మాట కూడా విన్నాను. ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు చాలా ఓపిగ్గా చెప్పాడు. కానీ ఆయనకి 214 అనే మాటే తెలియదు. ఆయనకి అది గుడివాడ రోడ్డు, అటు తిరిగితే భీమవరం రోడ్డు. నెంబరు గురించి జనాన్ని అడిగితే లాభం లేదని ఆ రోజు నేర్చుకున్నాను. కాలవ మీద పాత వంతెన ఎక్కడుండేది, ఏ చోట రోడ్డు వంపు తీసేశారు, ఏ ఏడాది బస్సు దారి మళ్లించారు అని అడగాలి. అవి వాళ్లు కళ్లకి కట్టినట్టు చెబుతారు. నా మొదటి లెక్కలో కిలోమీటరు తేడాకి ఒక కారణం, ఆయన చూపించిన తీసేసిన వంపు.

రిపోర్టుని లాయరుకి ఇచ్చే ముందు ఒక విషయం మీద ఆగాను. కల్వర్టు అంకెల నుంచి వేసిన దూరానికీ దస్తావేజు అంకెకీ ఇంకా మూడు వందల మీటర్ల చిల్లర తేడా మిగిలింది. దాన్ని వదిలేసి రాయడం తేలిక. కానీ తేడా ఉందని రాసి, లేఖరి దగ్గరలోని రాయి అంకె రాసి ఉంటాడనీ, హద్దును నిర్ణయించేది ఎఫ్‌ఎంబీ తప్ప ఆ అంకె కాదనీ రాశాను. లాయరు ఫోన్ చేసి మొదట అడిగింది ఆ పేరా గురించే. తేడాని మనమే చూపించాం కాబట్టి మిగతా పేజీలు నమ్మానని చెప్పారు. సవరణ దస్తావేజు లేకుండానే, స్కెచ్, రిపోర్టు, మాస్టారి అఫిడవిట్‌తో లోను పాసయింది.

ఆ తర్వాత నా అలవాటు మారింది. పాత రోడ్డు నెంబరుతో కాగితం వస్తే మొదట దాని తేదీ చూస్తాను. 2010కి ముందు కాగితంలో ఎన్‌హెచ్ 16 అంటే నిజామాబాద్ - జగదల్‌పూర్ రోడ్డు. తర్వాత కాగితంలో అయితే ఒంగోలు, నెల్లూరు మీదుగా పోయే రోడ్డు. 9 అంటే మనకి విజయవాడ రోడ్డు. ఇప్పుడు ఆ నెంబరు ఉత్తర భారతంలో పంజాబ్ నుంచి ఉత్తరాఖండ్ దాకా పోయే రోడ్డుకి ఉంది. నెంబరు చచ్చిపోయి ఉంటే పని సులువు. ఇంకో చోట బతికి ఉంటేనే టెన్షన్.

రెండు నెలల తర్వాత మాస్టారు మళ్లీ వచ్చారు. పొలంలో కొంత కూతురికి గిఫ్ట్ సెటిల్‌మెంట్ రాస్తున్నారట. హద్దులు నన్నే రాసిమ్మన్నారు. ఉత్తర హద్దుకి ఇలా రాశాను: "గుడివాడ నుంచి కైకలూరు పోవు రోడ్డు, పూర్వపు ఎన్‌హెచ్ 214, ప్రస్తుతపు ఎన్‌హెచ్ 165, ఫలానా సర్వే నెంబరు రోడ్డు పోరంబోకు, ఫలానా కాలవ మీది కల్వర్టు మధ్య నుంచి పడమరకు ఇన్ని మీటర్లు." మాస్టారు కళ్లజోడు సరిచేసుకుని రెండుసార్లు చదివారు. కాలవకి సర్కారు కాగితాల్లో ఉన్న పేరు పక్కన ఊళ్లో పిలిచే పేరు కూడా చేర్చమన్నారు. చేర్చాను.